బంగారు బల్లి కోసం ఆరు రోజులు

కంచి వరదరాజ పెరుమాళ్ గుడికి వెళ్ళినవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఎత్తుకుంటే పైకప్పు మీదున్న బంగారు బల్లినీ, వెండి బల్లినీ తడిమాను. ముట్టుకుంటే బల్లిపాటు దోషం పోతుందట. అంతేనా, ముట్టుకున్నవాళ్ళని ముట్టుకున్నా పోతుందట. ఆ తర్వాత చాన్నాళ్ళు మా వీధిలో ఎవరి భుజం మీద బల్లి పడినా పంచాంగం తిప్పే పని లేకుండా నా దగ్గరికే వచ్చి ఓసారి చెయ్యి తాకించుకుని పోయేవాళ్ళు. ఉచిత సేవ.

అందుకే కిందటి వేసవిలో టెక్సాస్‌లో మా తమ్ముడింట్లో ఉన్నప్పుడు, వాడు సామాను సర్దుకుంటూ "గ్వాటెమాలా వెళ్తున్నానక్కా, అక్కడ బంగారు రంగుది ఒకటుంది" అని ఫొటో చూపించగానే "బంగారు బల్లి!" అన్నాను.

"బల్లి కాదక్కా. సాలమాండర్. కప్పల వైపు చుట్టం."

వాడి ఉద్యోగం కప్పజాతి జీవాల చర్మాన్ని తినేసే ఫంగస్ మీద. అక్కడి పరిశోధకులతో కలిసి ఆరు రోజుల పని. సంచులు మొయ్యడానికి నేనూ వస్తానన్నాను. వాడు వద్దన్నాడు. నేను అమ్మకి ఫోన్ చేశాను. ఆ తర్వాత వాడు వద్దనలేదు.

మొదటి రోజు

గ్వాటెమాలా నగరం నుంచి వెవెతెనాంగోకి రోడ్డు ప్రయాణం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. దారికి ఓ పక్క అగ్నిపర్వతాలు, ఎదురుగా అమెరికాలో రిటైరైన స్కూలు బస్సులు. ఇక్కడ వాటికి ఎరుపు, ఆకుపచ్చ, వెండి రంగులు కొట్టి, ముందు అద్దం మీద దేవుడి పేరు రాసి మళ్ళీ కొలువులో పెడతారు. మన లారీల అలంకారం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. రాత్రి భోజనం నల్ల చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టెలు. వంటింట్లోంచి వచ్చే చప్పుడు అచ్చం మా అమ్మమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడే, కాకపోతే వీళ్ళు గింజల్ని ముందుగా సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు. అంతకుమించి ఆ రోజు చెప్పుకోవాల్సిందేం లేదు.

రెండో రోజు

వెవెతెనాంగో దాటగానే కొండ గోడలా లేచింది. కూచుమతానెస్ పర్వతాలు. మధ్య అమెరికాలో అగ్నిపర్వతాలు కానివాటిలో ఇవే ఎత్తయినవి, శిఖరం 3,800 మీటర్లు దాటుతుంది. మెలికలు ఎక్కి ఎక్కి పైకి చేరితే అక్కడ శిఖరం లేదు, మైదానం ఉంది. గొర్రెలు, రాతి గోడలు, కత్తుల్లాంటి ఆకులతో కలబందను పోలిన మొక్కలు, ఎముకలు కొరికే చలి. పాకిష్ అనే కూడలి దగ్గర రోడ్డు చీలింది. మేం ఉత్తరానికి తిరిగాం. సొలోమా, సాంతా ఎవులాలియా ఊళ్ళు దాటి బరీయాస్. దూరం 150 కిలోమీటర్ల లోపే. పట్టింది ఏడు గంటలు.

ఆ ఏడు గంటల్లో మా తమ్ముడు నాకు పాఠం చెప్పాడు. మామూలుగా వాడు మాట్లాడటం మొదలుపెడితే నాకు నిద్రొస్తుంది. ఈసారి కిటికీలోంచి చూస్తుంటే వాడు చెప్పేది కంటికి కనబడుతోంది కాబట్టి మెలకువగా ఉన్నాను.

సాలమాండర్లు అసలు చలిదేశాల ప్రాణులు. ఉత్తర అమెరికా, యూరప్, చైనా, జపాన్. మన దేశంలో డార్జిలింగ్ వైపు కొండల్లో ఒక రకం ఉంది, హిమాలయన్ న్యూట్ అంటారు. తెలుగునాట ఒక్కటీ లేదు. అందుకే దానికి మన భాషలో పేరు లేదు. నీటిబల్లి అందామంటే అన్నీ నీళ్ళలో ఉండవు, చెట్టుబల్లి అందామంటే బల్లే కాదు. అయితే ఊపిరితిత్తులు లేని సాలమాండర్ల కుటుంబంలోంచి ఒకే ఒక్క శాఖ ఉష్ణమండలానికి దిగింది. దిగి ఊరుకోలేదు. మెక్సికో నుంచి బొలీవియా, బ్రెజిల్ దాకా 300 పైగా జాతులుగా పెరిగింది. ప్రపంచంలోని సాలమాండర్ జాతుల్లో మూడో వంతు కంటే ఎక్కువ ఈ శాఖవే. అందులో పెద్ద కొమ్మ పేరు బొలిటోగ్లొస్సా. 'పుట్టగొడుగు నాలుక' అని అర్థం, నాలుక చివర గొడుగులా ఉంటుంది కనుక.

"ఇన్ని జాతులు ఎందుకయ్యాయిరా?"

"కిటికీ బయటికి చూడు."

చూశాను. పొద్దున వెవెతెనాంగోలో ఎండ, ముళ్ళచెట్లు. గంట తర్వాత గడ్డిమైదానం, మంచు. ఇంకో గంటకి పైన్ చెట్లు. ఇప్పుడు దిగుతున్నకొద్దీ ఓక్ చెట్లు, మబ్బులు. మన దగ్గర మే నెల వేడి, జనవరి చలి రెండూ ఒకే చోట ఉండే జీవి భరించాలి. ఇక్కడ ఏ ఎత్తులో ఉండే వేడి ఆ ఎత్తులో ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. 1,500 మీటర్ల దగ్గర పుట్టిన జీవికి 3,000 మీటర్ల చలి పరిచయమే ఉండదు. కొండ దాటి అవతలి లోయకి పోవాలంటే అది చావుతో సమానం. ఉష్ణమండలంలో కనుమలు ఎక్కువ ఎత్తుగా ఉంటాయని 1967లో డేనియల్ జాన్జెన్ అనే శాస్త్రవేత్త రాశాడట. కొలబద్దకి అదే ఎత్తు, ప్రాణికి ఎక్కువ. ఒక్కో కొండకి, ఆ కొండలో ఒక్కో మెట్టుకి ఒక్కో జాతి చొప్పున చిక్కడిపోయి, లక్షల ఏళ్ళలో వేరు వేరు జాతులైపోయాయి. మేం వెతకబోయేది అలాంటి ఒక్క మెట్టు మీద ఉండేదాన్నే.

చీకటి పడుతుండగా బరీయాస్ చేరాం. వాన. గొడుగు నా సంచి అడుగున ఉంది.

మూడో రోజు

పొద్దున్నే పికప్ వెనక నిలబడి ప్రయాణం. కొండవాలు మీద చెట్ల నీడలో ఏపుగా, మనిషెత్తున, అల్లం ఆకుల్లాంటి పొడవాటి ఆకులతో తోట. మట్టి దగ్గర తెల్లటి చిన్న పూలు. గాలి వాసనకి ఒక్కసారి సంక్రాంతి నాటి వంటిల్లు గుర్తొచ్చింది.

"ఏలకులురా!"

"అవునక్కా. మనవే."

నిజంగా మనవే. పడమటి కనుమల మొక్కని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ కాఫీ తోటల యజమాని ఇక్కడికి తెచ్చాడు. ఇక్కడివాళ్ళు దాన్ని పెద్దగా తినరు, మా డ్రైవరు ఒక్కసారీ నోట్లో వేసుకోలేదట. కానీ ఇవాళ ప్రపంచంలో ఏలకులు ఎగుమతి చేసే దేశాల్లో గ్వాటెమాలాది మొదటి వరస. అరబ్బుల కాఫీలోకి పోయేవి చాలావరకు ఇక్కడివే. ఏలకి నీడ కావాలి కాబట్టి పెద్ద చెట్లని పూర్తిగా కొట్టరు. దూరం నుంచి చూస్తే అడవి ఉన్నట్టే ఉంటుంది. కింద మాత్రం పొదలు, నాచు, పడిపోయిన దుంగలు, ఆకుచెత్త అన్నీ ఊడ్చేస్తారు. ఆపైన కాయల్ని ఆరబెట్టడానికి కట్టెల పొయ్యిలు. బట్టీ పక్కన పేర్చిన కట్టెల గుట్ట మా ఇంటి ప్రహరీ కంటే ఎత్తుంది. రైతుని తప్పు పట్టలేను. ఇంత ఏటవాలు నేలలో, ఇంత వానలో డబ్బొచ్చే పంట ఇంకేం పండుతుంది? కానీ తోట దాటి అడవిలోకి అడుగుపెట్టిన క్షణంలో తేడా ముక్కుకే తెలిసింది. ఏలకుల వాసన పోయి తడి చెక్క వాసన వచ్చింది.

అడవిలోకి వెళ్ళేముందు బూట్లని బ్లీచ్ కలిపిన నీళ్ళలో బ్రష్‌తో తోమించారు. ఎన్ని గుళ్ళు తిరిగినా కాళ్ళు ఇంత శ్రద్ధగా కడుక్కోలేదు. "ఒక అడవి బురద ఇంకో అడవికి పోకూడదు. మన బూటుతోనే జబ్బు పోతుంది" అన్నాడు తమ్ముడు. తర్వాత నా చేతులు వాసన చూశాడు. దోమల క్రీము. మొహం మాడ్చుకుని సబ్బు ఇచ్చాడు. సాలమాండర్ ఊపిరి చర్మంతోనే. దాని మీద మన చేతి ఉప్పు పడినా కష్టమే, ఈ క్రీము పడితే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి నాలుగు గంటలు వెతికాం. నుదుటికి లైటు కట్టుకుని, ఆకు తర్వాత ఆకు. ఆరు రకాల సాలీళ్ళు, రెండు కప్పలు, ఒక బురదలో నా ఎడమ బూటు. అంతే.

గుడిసెకి తిరిగొచ్చాక బట్టలు ఆరక, నిద్ర రాక కూర్చుంటే ఆ బంగారుదాని కథ చెప్పుకున్నాం. మాతో ఉన్న అడవి కాపలాదారు స్పానిష్‌లో చెప్పాడు, తమ్ముడు తెలుగు చేశాడు.

1975లో జెరెమీ జాక్సన్, పాల్ ఎలియాస్ అనే ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు ఈ కొండలకొచ్చారు. వాళ్ళకి దొరికింది నిమ్మపండు పసుపు ఒళ్ళు, వీపు పొడవునా ముదురు గోధుమ పట్టీ ఉన్న సాలమాండర్. ఎలియాస్ 1984లో దాన్ని శాస్త్రానికి పరిచయం చేస్తూ స్నేహితుడి పేరు పెట్టాడు, బొలిటోగ్లొస్సా జాక్సోని అని. ఇంకో రెండు వింత సాలమాండర్లు కూడా ఈ ప్రాంతం నుంచే అప్పుడు లోకానికి తెలిశాయి. ఆ తర్వాత తలుపు మూసుకుపోయింది. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధం ఈ కొండల్ని నెత్తుట ముంచింది. 80ల మొదట్లో ఊళ్ళకి ఊళ్ళు కాలి, జనం సరిహద్దు దాటి మెక్సికోకి పారిపోయారు. కాపలాదారు తండ్రి అలా పోయి తిరిగొచ్చినవాడేనట. మనుషులకే దిక్కులేని చోట సాలమాండర్ని ఎవరు వెతుకుతారు? మ్యూజియంలో సీసాలో ఉన్న ఒకే ఒక్క నమూనా తప్ప దాని గురించి ఇంకేం లేదు.

శాంతి వచ్చాక గ్వాటెమాలా జీవశాస్త్రవేత్త కార్లోస్ వాస్కెస్ అల్మసాన్ ఈ అడవులకి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మిగిలిన రెండు వింత సాలమాండర్లూ ముప్ఫై ఏళ్ళ పైన దాటాక దొరికాయి. పసుపుది మాత్రం దొరకలేదు. ఆ రెండూ దొరికిన అడవి కాఫీ తోట కాకముందే దేశ విదేశాల సంస్థలు కొన్ని డబ్బు పోగేసి 2015లో కొని, ఉభయచరాల కోసం రిజర్వు చేశాయి. 2017లో 'తప్పిపోయిన జాతుల' జాబితా ఒకటి వేస్తే మొదటి 25లో జాక్సన్ సాలమాండర్ ఉంది. మరుసటి ఏడాది పెద్ద బృందంతో వెతకాలని ముహూర్తం కూడా పెట్టుకున్నారు.

ముహూర్తం దాకా ఆగలేదది. 2017 అక్టోబరులో రిజర్వు అంచున గస్తీ తిరుగుతున్న ఒక కాపలాదారు కంటపడింది. చిన్న పిల్ల. ఆయన ఫోనుతో ఫొటో తీసి కార్లోస్‌కి పంపాడు. 42 ఏళ్ళ తర్వాత. శాస్త్రవేత్తల వేట ఒక వాట్సాప్ ఫొటో అంత తేలిగ్గా ముగిసిందని నేను నవ్వితే కాపలాదారు నవ్వలేదు. రోజూ వానలో తిరిగేవాడికే కదా కనబడేది, అన్నాడు. నాకు సిగ్గేసింది.

నాలుగో రోజు

పగలంతా చెట్లు చూడటం. దీన్ని మేఘారణ్యం అంటారు. పేరు బాగుంది కానీ లోపల ఉన్నవాళ్ళకి మేఘం కనబడదు, బట్టలు తడుస్తాయి, అంతే. సముద్రం మీంచి వచ్చే తేమగాలి ఈ ఉత్తరపు వాలుకి కొట్టుకుని పైకి లేచి, చల్లబడి మబ్బవుతుంది. వాన పడకపోయినా ఆకుల నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. కొమ్మ మీద నాచు, నాచు మీద ఫెర్న్, ఫెర్న్ పక్కన సీతాకోకచిలుకల్లాంటి ఆర్కిడ్లు. వాటన్నిటి మధ్య బ్రొమీలియాడ్లు.

ఈ బ్రొమీలియాడ్ గురించి చెప్పాలి. అనాస మొక్క చుట్టమిది, అనాస తలమీది పిలకని తెచ్చి మామిడికొమ్మకి అతికించినట్టుంటుంది. మన మామిడి మీద బదనిక చూసిన కళ్ళతో చూసి "పాపం చెట్టు" అనుకున్నాను. ఇది బదనిక కాదు, చెట్టు రసం తాగదు, కేవలం కూర్చుంటుంది. ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి పట్టుకుని దొన్నెలా అవుతాయి. వాన నీళ్ళు, రాలిన ఆకులు అందులో నిలుస్తాయి. అలా చెట్టు చెట్టుకీ వందల దొన్నెలు, నేలకి పది, ఇరవై మీటర్ల ఎత్తున వేలాడే చిన్న చిన్న చెరువులు. ఎండ పొద్దు ఆ ఆకుల సందుల్లో గడుపుకుంటాయి చెట్టు సాలమాండర్లు. కాబట్టి మనం వాటిని చూడాలంటే రెండే దారులు. చెట్టెక్కాలి, లేదా రాత్రి వానలో అవి కిందికి దిగేదాకా కాచుకోవాలి. నాకు యాభై రెండేళ్ళు. రెండోది ఎంచుకున్నాను.

చాలా కప్పలకైతే గుడ్లకి చెరువు కావాలి, తోకకప్పలు ఈదాలి. వీటికి ఆ గొడవ లేదు. తడి నాచులోనో, ఆకుల సందునో గుడ్లు పెడితే లోపలే పెరిగి, బుల్లి సాలమాండరే నేరుగా బయటికొస్తుంది. ఏరు లేకపోయినా ఫర్వాలేదు, గాలిలో తేమ లేకపోతే మాత్రం బతకవు. చెట్టు నరికితే పోయేది నీడొక్కటే కాదు, ఈ దొన్నెలన్నీ నేలపాలు. నాచు బట్టిన పాత కొమ్మ తయారవడానికి ఎన్నేళ్ళు పడుతుందో, మొక్కలు నాటే పథకాల్లో దాని ఊసే ఉండదు.

రాత్రి ఎనిమిదికి వాన పట్టింది. తొమ్మిదిన్నరకి కాపలాదారు ఆగి, వేలు చూపించకుండా లైటు మాత్రం ఒక ఆకు మీద నిలిపాడు. నాకేం కనబడలేదు. ఆకు మీద ఎండిన ఈనె. ఆ ఈనెకి కళ్ళున్నాయి.

నా చూపుడువేలంత లేదు. ఎర్రమట్టి రంగు. మొహం గుండ్రంగా, ముక్కు దగ్గర చిన్న తమలపాకు చివరలా. వేళ్ళు విడివిడిగా లేవు, చర్మంతో కలిసిపోయి బాతు పాదం బొమ్మలా ఉన్నాయి. ఆ పాదాల్ని నున్నటి ఆకుకి అంటించి నిలబడింది. తోక కాడకి చుట్టుకుని ఉంది. గొంతు కింద చర్మం మాత్రం వణుకుతోంది. బంగారు కాదు.

"బొలిటోగ్లొస్సాల్లోనే రుఫెసెన్స్ అనే గుంపు" అన్నాడు తమ్ముడు. "ఖచ్చితంగా ఏదో డీఎన్‌ఏ చూస్తేగాని చెప్పలేం. అన్నీ ఇలాగే ఉంటాయి, అరటి తోటల్లో కూడా సర్దుకుపోతాయి."

సర్దుకుపోయే రకం, పక్కింటి రకం. అయినా ఊపిరి బిగబట్టి చూశాను. దగ్గర్లో ఒక చిన్న పురుగు పాకింది. సాలమాండర్ కదలలేదు. పురుగు లేదు. మధ్యలో ఏం జరిగిందో నా కంటికి అందలేదు. వీటి నాలుక సంగతి తర్వాత చెప్పాడు. ఇదే కొమ్మలోని బొలిటోగ్లొస్సా డాఫ్లైని అనే పెద్ద రకాన్ని ప్రయోగశాలలో కొలిచారు, 2007లో ఆ లెక్క బయటికొచ్చింది. నాలుక విసిరే వేగానికి కిలో కండకి 18,000 వాట్ల శక్తి కావాలి, ఏ కండా అంత ఇవ్వలేదు. విల్లు లాగి వదిలినట్టు ముందే లాగిపెట్టి వదులుతుందన్నమాట. అంత బద్ధకపు మొహం వెనక అంత వేగం. మా ఆఫీసులో ఒకాయన గుర్తొచ్చాడు, ఫైలు కదపడు గానీ జీతం రోజు అందరికంటే ముందుంటాడు.

తమ్ముడు కొత్త తొడుగులు వేసుకుని, దాన్ని తడి సంచిలోకి తీసుకుని, దూది పుల్లతో పొట్ట మీద, పాదాల మీద మెల్లగా రుద్ది, పుల్లని గొట్టంలో పెట్టి, మళ్ళీ అదే ఆకు మీద వదిలాడు. రెండు నిమిషాలు. పట్టుకున్న ప్రతిదానికీ కొత్త తొడుగులు, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటకుండా. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, కంచి అలవాటు. వాడు నా వైపు చూసిన చూపుకి వెనక్కి తీసుకున్నాను.

ఐదో రోజు

వాన. గుడిసె. చీట్లపేక. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చినప్పుడు ఆ పుల్లల గురించి అడిగాను.

డేవిడ్ వేక్ అని, అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త. 2021లో పోయారు. జీవితమంతా ఈ సాలమాండర్లతోనే గడిపారు. 70ల్లో గ్వాటెమాలా పడమటి కొండల్లో దుంగ తిరగేస్తే చాలు దొరికిన కొన్ని జాతులు, 2000ల తర్వాత ఆయన బృందం అవే చోట్ల అన్ని రోజులు వెతికినా ఒక్కటీ కనబడలేదు. అడవి నిలబడి ఉన్నచోట కూడా. 2009లో ఆ సంగతి ప్రచురించారు. కారణం కోసం మ్యూజియం సీసాల్లో దశాబ్దాలుగా సారాయిలో నానుతున్న పాత నమూనాల ఒళ్ళు ఇలాంటి పుల్లలతోనే రుద్దారు. 70ల మొదట్లో దక్షిణ మెక్సికోలో ఫంగస్ మొదలై, 80లలో గ్వాటెమాలాకి, 1987 నాటికి కోస్టారికాకి దిగిన దారి ఆ సీసాల్లో దొరికింది. చచ్చిన ప్రాణులు సాక్ష్యం చెప్పాయి.

ఇప్పుడు భయం రెండోదాని గురించి. సాలమాండర్లనే తినే ఇంకో ఫంగస్ ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారంతో యూరప్ చేరి నెదర్లాండ్స్‌లో ఒక జాతిని దాదాపు ఊడ్చేసింది. 2013లో దానికి పేరు పెట్టారు. అమెరికా 2016లో 201 జాతుల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది. ఈ ఖండాల్లో అదింకా కనబడలేదు. తమ్ముడి పుల్లలు దానికోసం కూడా. "దొరక్కూడదని వెతికే ఉద్యోగం నాది" అన్నాడు. వాడు ఏం పని చేస్తాడో నాకు పదేళ్ళలో మొదటిసారి అర్థమైంది.

2017లో ఆ పసుపు పిల్ల కనబడింది కూడా అంతకుముందు తెలిసిన ఎత్తుకి 300 మీటర్ల పైన. మబ్బు పైకి జరుగుతోందా, లేక అక్కడా ముందునుంచీ ఉందా? రెండే చుక్కలు చూసి అంత మాట చెప్పలేం అన్నాడు తమ్ముడు. కొండ కింద తోట పైకి ఎక్కుతోంది. కొండ పైన కొండ అయిపోతుంది. ఆ రెంటి మధ్య దానికి మిగిలిన మెట్టు ఎంత వెడల్పో నేను మళ్ళీ అడగలేదు.

రాత్రి మళ్ళీ వెళ్ళాం. బంగారుది రాలేదు.

ఆరో రోజు

బూట్లు మళ్ళీ బ్లీచ్‌లో ముంచి, అడవికి నమస్కారం పెట్టి దిగాం. బరీయాస్ బజారులో ఏలకులు గోనె సంచుల్లో కొలుస్తున్నారు. పక్కన కాఫీ గింజలు, చిన్న చిన్న పచ్చిమిరపకాయలు. ఒకావిడ గుప్పెడు ఏలకులు నా చేతిలో పోసి డబ్బు వద్దంది. ఒకటి వలిచి నోట్లో వేసుకుంటే వింతగా చూసింది.

సిగ్నలు అందగానే అమ్మకి ఫోన్ చేశాను.

"బంగారు బల్లి కనబడిందా?"

"లేదమ్మా. దాని చుట్టం కనబడింది. ఇటుక రంగుది."

"ముట్టుకున్నావా?"

"ముట్టుకోకూడదమ్మా. మన చేతి ఉప్పు తగిలితే దానికి ఊపిరాడదు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ లెక్క ఎటు తిప్పినా కుదరడం లేదని నాకు ఫోన్లోనే తెలుస్తోంది.

"అయితే ఆరు రోజులు వానలో తిరిగి, చూడాల్సింది చూడక, చూసింది ముట్టుకోక వచ్చారు ఇద్దరూ."

"గుప్పెడు ఏలకులున్నాయి."

"అక్కడ కిలో ఎంతట?"

అడగడం మర్చిపోయాను.